ట్రోమ్సో నుంచి లాంగ్‌యియర్‌బ్యెన్‌కి దూరం ఎంత, విమానంలో నిజంగా ఎంతసేపు పడుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి నార్వేలోని ట్రోమ్సోకి వస్తున్నారు, అక్కడి నుంచి స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌యియర్‌బ్యెన్‌కి వెళ్లాలనుకుంటున్నారు. దూరం ఒక సైట్ 957 కి.మీ. అంటే, ఇంకోటి 961 అంటోంది. ప్రయాణ సమయం ఒకచోట గంటా 8 నిమిషాలు, మరోచోట గంటా 40, ఇంకోచోట ఏడు గంటలు. వీటిలో ఏది నమ్మాలి? తిరుగు ప్రయాణంలో పొద్దున లాంగ్‌యియర్‌బ్యెన్‌లో బయల్దేరి అదే రోజు హైదరాబాద్ విమానం అందుకోవచ్చా? సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా (నార్వేతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా, ఒక్కసారే లోపలికి రానిచ్చేది) సరిపోతుందా?

ముందు సూటిగా జవాబులు. దూరం దాదాపు 960 కి.మీ. గేటు నుంచి గేటుకి గంటా 35 నుంచి గంటా 45 నిమిషాలు. అదే రోజు హైదరాబాద్ కనెక్షన్ పెట్టుకోవద్దు. సింగిల్ ఎంట్రీ వీసా సరిపోదు, దీన్ని మాత్రం వీసాకి అప్లై చేసేముందే సరిచేసుకోండి.

ఇప్పుడు ఒక్కొక్కటీ వివరంగా.

957, 961 రెండూ తప్పు కాదు. ట్రోమ్సో విమానాశ్రయం 69.6814 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 18.9178 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. లాంగ్‌యియర్‌బ్యెన్‌ది 78.2461 ఉత్తరం, 15.4656 తూర్పు. భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధం ఉన్న నికార్సైన గోళం అనుకుని లెక్కిస్తే 957.8 కి.మీ. వస్తుంది. కానీ భూమి ధ్రువాల దగ్గర కాస్త అణిగి ఉంటుంది. అందువల్ల అక్కడ ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ పొడవు, గోళం లెక్కలో వచ్చేదానికంటే కొంచెం ఎక్కువ. జీపీఎస్ వాడే భూమి నమూనాతో లెక్కిస్తే అదే దూరం సుమారు 961 కి.మీ. అవుతుంది. మూడున్నర కిలోమీటర్ల తేడా అంటే విమానానికి పావు నిమిషం. దాని గురించి ఆలోచించనక్కర్లేదు.

చేత్తో సరిచూసుకోవాలంటే ఈ రూటుకి తేలికైన దారి ఉంది. అక్షాంశాల తేడా 8.5647 డిగ్రీలు. డిగ్రీకి 111.19 కి.మీ. చొప్పున 952.3 కి.మీ. రేఖాంశాల తేడా 3.4522 డిగ్రీలు. దీన్ని కూడా 111.19తో గుణించి, ఆ వచ్చినదాన్ని రెండు ఊళ్ల మధ్య అక్షాంశమైన 73.96 డిగ్రీల కొసైన్ విలువతో, అంటే 0.2763తో గుణించాలి. 106.1 కి.మీ. వస్తుంది. ఈ రెండు సంఖ్యల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 958.2. పూర్తి సూత్రంతో వచ్చే 957.8కి అర కిలోమీటరు కూడా తేడా లేదు. అయితే ఇది దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగే దారి కాబట్టే ఇంత బాగా కుదిరింది. తూర్పు పడమరలుగా చాలా దూరంలో ఉన్న రెండు ఉత్తరాది ఊళ్లకి ఇదే పద్ధతి వాడితే దెబ్బతింటారు. ఉదాహరణకి కెనడాలో ఎల్లోనైఫ్, ఇకాలుయిట్ తీసుకోండి. దిక్కు మారకుండా నేరుగా పోతే 2,312 కి.మీ., గోళం మీద అతి దగ్గరి దారి 2,262 కి.మీ. యాభై కిలోమీటర్లు కలిసొచ్చే ఆ దారి మధ్యలో 65వ అక్షాంశం దాకా ఉత్తరానికి ఎక్కి మళ్లీ కిందికి దిగుతుంది. అలాంటి జంటలకి, గోళం మీద అతి దగ్గరి దూరం ఇచ్చే హావర్‌సైన్ సూత్రమే వాడాలి.

ఈ లెక్కలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటి ఉంది. విమానాశ్రయాల పట్టికల్లో స్థానాలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటాయి. ట్రోమ్సోది 69 డిగ్రీల 40 నిమిషాల 53 సెకన్లు. దాన్ని అలాగే 69.4053 అని టైప్ చేస్తారు. లాంగ్‌యియర్‌బ్యెన్‌ది 78 డిగ్రీల 14 నిమిషాల 46 సెకన్లు, అది 78.1446 అవుతుంది. రేఖాంశాలు కూడా అలాగే కొడితే జవాబు 977 కి.మీ. వస్తుంది. మరీ విడ్డూరంగా కనిపించదు కాబట్టి తప్పని ఎవరికీ అనుమానం రాదు. నిమిషాల్ని 60తో, సెకన్లని 3,600తో భాగించి డిగ్రీలకి కలపడం మరిచిపోకండి. స్ప్రెడ్‌షీట్‌లో అయితే కోణాన్ని ముందు రేడియన్‌లోకి మార్చాలి. అది మరిచిపోతే వచ్చే సంఖ్య ఎలాగూ అర్థంపర్థం లేకుండా ఉంటుంది, వెంటనే పట్టుబడుతుంది.

మ్యాపులో చూసి దూరం ఊహించుకోవడం కూడా ఈ ప్రాంతంలో పనికిరాదు. గోడకి తగిలించే మామూలు ప్రపంచ పటం ఉత్తరానికి పోయేకొద్దీ సాగిపోతుంది. హైదరాబాద్ దగ్గరి కొలతతో ఆ పటం మీద ఈ రెండు ఊళ్ల మధ్య ఎడం కొలిస్తే దాదాపు 3,400 కి.మీ. అనిపిస్తుంది. నిజానికి అది హైదరాబాద్–ఢిల్లీ దూరం కంటే తక్కువ, ఢిల్లీ సుమారు 1,260 కి.మీ. ఉంది. రేఖాంశాల సంగతీ అంతే. హైదరాబాద్ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం అంటే 106 కి.మీ., ట్రోమ్సో దగ్గర 38.6, లాంగ్‌యియర్‌బ్యెన్ దగ్గర 22.6 మాత్రమే.

ఇక ప్రయాణ సమయం. మీరు చూసిన మూడు సంఖ్యలూ మూడు వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. గంటా 8 నిమిషాలు చెప్పిన సైట్ 958ని గంటకి 850 కి.మీ.తో భాగించి ఊరుకుంది. విమానం రన్‌వే మీది నుంచే 850 కి.మీ. వేగంతో మొదలై, అదే వేగంతో అవతల దిగితే అంతే పడుతుంది. ఏడు గంటలు చెప్పినది ఓస్లో మీదుగా తిప్పింది. ట్రోమ్సో నుంచి దక్షిణంగా ఓస్లోకి 1,117 కి.మీ., అక్కడి నుంచి మళ్లీ ఉత్తరంగా లాంగ్‌యియర్‌బ్యెన్‌కి 2,013 కి.మీ. మొత్తం 3,130, అంటే నేరు దారికి మూడింతలకు పైనే. ట్రోమ్సో నుంచి నేరుగా వెళ్లే సర్వీసు వారంలో కొన్ని రోజులే ఉండవచ్చు. సర్వీసు లేని తేదీ కొడితే వెతికే సైట్ మిమ్మల్ని ఓస్లోకి పంపుతుంది. కాబట్టి ముందు నేరు సర్వీసు ఏ రోజుల్లో ఉందో చూసుకుని, దాని చుట్టూ మిగతా ప్రయాణం అల్లుకోండి. ఈ రూటులో ఎస్‌ఏఎస్, నార్వేజియన్ ఎయిర్‌లైన్ల టైంటేబుల్స్ సీజన్ని బట్టి మారుతుంటాయి. మీ వారానికి సంబంధించిన పేజీ తెరిచి చూడటం ఒక్కటే మార్గం.

గంటా 40 ఎలా వస్తుందో చూద్దాం, ఎందుకంటే ఇదే పద్ధతి ఏ రెండు చిన్న విమానాశ్రయాలకైనా పనికొస్తుంది. బోయింగ్ 737 తరహా జెట్ అనుకోండి. పది, పదిన్నర కిలోమీటర్ల ఎత్తుకి ఎక్కడానికి 18 నుంచి 20 నిమిషాలు. దిగడానికి, రన్‌వేకి ఎదురుగా వచ్చి వాలడానికి కలిపి పాతిక నిమిషాలు. ఈ 44 నిమిషాల్లో సుమారు 420 కి.మీ. దాటుతుంది. బయల్దేరే దారి, దిగే దారి నేరుగీత కావు కాబట్టి మొత్తం దూరానికి ఇంకో 20 కి.మీ. కలపండి. మిగిలిన 560 కి.మీ. గంటకి 830 చొప్పున 40 నిమిషాలు. గాలిలో మొత్తం 84 నిమిషాలు. గేటు నుంచి రన్‌వేకి 8 నిమిషాలు, దిగాక గేటుకి 5. అంతా కలిపి 97 నిమిషాలు. ఫిబ్రవరిలో రెక్కల మీది మంచు తీయడానికి వేడి ద్రవం చల్లితే ఇంకో 10, 15 నిమిషాలు పట్టవచ్చు. ఎయిర్‌లైన్ టైంటేబుల్లో ఇదంతా కొంత కలిపే ఉంటుంది, అందుకే వాళ్లు చెప్పే సమయమే మీకు ఆధారం.

ఒకటి గమనించండి. దూరం తక్కువైన కొద్దీ ఎక్కే దిగే సమయం వాటా పెరుగుతుంది. వేగంతో భాగించే లెక్క చిన్న రూట్లలోనే ఎక్కువ తప్పుతుంది.

గాలి ప్రభావం మీరు అనుకునేంత ఉండదు. ఈ అక్షాంశాల్లో పైన వీచే బలమైన గాలులు ఎక్కువగా పడమటి నుంచి వస్తాయి. మన దారి 355 డిగ్రీల దిక్కుగా, అంటే దాదాపు నికరంగా ఉత్తరానికి పోతుంది కాబట్టి ఆ గాలి పక్క నుంచి కొడుతుంది. గంటకి 148 కి.మీ. పక్కగాలి ఉన్నా విమానం ముక్కు కాస్త పక్కకి తిప్పి పోతుంది, పోయేది ఒక్క నిమిషం. ఎదురుగాలి అయితే వేరు. దారి పొడవునా గంటకి 92 కి.మీ. ఎదురుగాలి ఉంటే 9 నిమిషాలు ఎక్కువ, అదే గాలి వెనక నుంచి వీస్తే 7 నిమిషాలు తక్కువ. పోగొట్టుకునేది ఎప్పుడూ కలిసొచ్చేదానికంటే ఎక్కువే, ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం. పైన చలి ఎక్కువైతే ధ్వని వేగం తగ్గుతుంది, జెట్ వేగాన్ని దానితో కొలుస్తారు కాబట్టి విమానమూ నెమ్మదిస్తుంది. సున్నాకి 56 డిగ్రీలు కింద ఉన్నప్పుడు గంటకి 828 కి.మీ. పోయేది, సున్నాకి 65 కింద 812 పోతుంది. 560 కి.మీ. మీద అదీ ఒక నిమిషం లోపే.

గడియారం లెక్కలో చిక్కు లేదు. స్వాల్‌బార్డ్, నార్వే ఒకే టైం పాటిస్తాయి. ఫిబ్రవరిలో మనకంటే నాలుగున్నర గంటలు వెనక. అయితే ఫిన్లాండ్ నార్వే కంటే ఒక గంట ముందుంటుంది. మీరు హెల్సింకి మీదుగా వస్తుంటే టికెట్ మీది రెండు టైంల తేడానే ప్రయాణ సమయం అనుకోకండి.

అసలు జాగ్రత్తపడాల్సింది ఈ నిమిషాల దగ్గర కాదు, విమానం దిగలేకపోయిన రోజు ఏమవుతుందన్న దగ్గర. లాంగ్‌యియర్‌బ్యెన్ విమానాశ్రయం 1975లో మొదలైంది. దాదాపు రెండున్నర కిలోమీటర్ల ఒకే రన్‌వే, శాశ్వతంగా గడ్డకట్టి ఉండే నేల మీద కట్టింది. ఒక పక్క ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ), ఒక పక్క కొండ. వేసవిలో సముద్రం మీది పొగమంచు, చలికాలంలో ఈదురుగాలి, ఎగిరే మంచు. రన్‌వే మీద మంచు ఉన్నప్పుడు టైర్లకి పట్టు తగ్గుతుంది కాబట్టి, పొడి రన్‌వే మీద ఫర్వాలేదనుకునే పక్కగాలికి కూడా దిగకూడదు. చుట్టూ కొండలు కాబట్టి కిందికి దిగే దారి విషయంలో రాజీ ఉండదు. 1996 ఆగస్టు 29న మాస్కో నుంచి వస్తున్న ట్యుపొలెవ్-154 ఇక్కడ దిగబోతూ దారి పక్కకి జరిగి ఓపెరా కొండని ఢీకొంది. అందులో ఉన్న 141 మందీ చనిపోయారు. నార్వే గడ్డ మీద జరిగిన విమాన ప్రమాదాల్లో అంతకు మించినది లేదు. వాతావరణం బాగాలేక పైలట్ వెనక్కి తిప్పితే విసుక్కోకండి.

వెనక్కి అంటే ఎక్కడికి? మామూలుగా ఒకచోట దిగడం కుదరకపోతే దగ్గర్లోని ఇంకో విమానాశ్రయానికి పోతారు. స్వాల్‌బార్డ్‌లో జెట్‌కి పనికొచ్చే రెండో రన్‌వే లేదు. పరిశోధకుల ఊరు న్యూ-ఓలెసుండ్‌లో ఉన్నది చిన్న విమానాలకి సరిపోయే కంకర రన్‌వే. కాబట్టి ప్రత్యామ్నాయం అంటే మళ్లీ నార్వే ప్రధాన భూభాగమే. విమానం అంత ఇంధనం మోసుకునే బయల్దేరుతుంది. లాంగ్‌యియర్‌బ్యెన్ దాకా వచ్చి, అరగంట చక్కర్లు కొట్టి, అప్పటికీ కుదరకపోతే వెనక్కి. గంటా పాతిక, అరగంట, గంటా పాతిక: మూడు గంటల ఇరవై నిమిషాలు గాలిలో ఉండి బయల్దేరిన ట్రోమ్సోలోనే దిగుతారు. ఆ విమానం అక్కడ దిగలేదంటే, అదే విమానంలో తిరిగి వెళ్లాల్సిన వాళ్లు లాంగ్‌యియర్‌బ్యెన్‌లోనే ఉండిపోతారు. నేరు సర్వీసు రోజూ లేకపోతే వాళ్లకి సీట్లు దొరకడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ఓడలో వెళ్దామంటే ప్రయాణికుల కోసం రోజువారీ ఫెర్రీ లాంటిది ఈ దారిలో లేదు.

అందుకే అదే రోజు హైదరాబాద్ కనెక్షన్ వద్దన్నాను. ట్రోమ్సోలోనో ఓస్లోలోనో కనీసం ఒక రాత్రి ఉండేలా చూసుకోండి, రెండైతే ఇంకా నయం. ఒక్క రాత్రికి మించి కుదరకపోతే, లాంగ్‌యియర్‌బ్యెన్ నుంచి హైదరాబాద్ దాకా మొత్తం ఒకే బుకింగ్ నంబరు మీద తీసుకోండి. అప్పుడు మొదటి విమానం ఆగినా మిగతా ప్రయాణాన్ని ఎయిర్‌లైనే మళ్లీ కుదర్చాలి. విడివిడి టికెట్లు చవకగా కనిపిస్తాయి. కానీ మంచు పడిన రోజున రెండో ఎయిర్‌లైన్‌కి మీరు సమయానికి రాని ప్రయాణికుడు మాత్రమే.

వీసా విషయం. స్వాల్‌బార్డ్ నార్వే పాలనలోదే అయినా షెంగెన్ ప్రాంతంలో భాగం కాదు. అక్కడ ఉండటానికి వీసా అక్కర్లేదు, ఈ మాట విని చాలామంది పొరబడతారు. అక్కడికి వెళ్లే దారి నార్వే మీదుగా కాబట్టి షెంగెన్ వీసా కావాలి. ట్రోమ్సోలో లాంగ్‌యియర్‌బ్యెన్ విమానం ఎక్కేముందు పాస్‌పోర్ట్ తనిఖీ ఉంటుంది, అక్కడితో మీరు షెంగెన్ నుంచి బయటికి వెళ్లినట్టు. తిరిగి ట్రోమ్సోలో దిగడం రెండో ఎంట్రీ. సింగిల్ ఎంట్రీ వీసా మొదటిసారి ఓస్లోలోనో హెల్సింకిలోనో దిగినప్పుడే అయిపోతుంది. కాబట్టి దరఖాస్తులో కనీసం డబుల్ ఎంట్రీ, వీలైతే మల్టిపుల్ అడగండి. స్వాల్‌బార్డ్ టికెట్, హోటల్ బుకింగ్ జతచేస్తే రెండు ఎంట్రీలు ఎందుకో వాళ్లకీ తెలుస్తుంది. అక్కడ గడిపిన రోజులు షెంగెన్ 90 రోజుల లెక్కలోకి రావు. నార్వేలో చదువుకునే మనవాళ్లు రెసిడెన్స్ పర్మిట్ కార్డుతో పాటు పాస్‌పోర్ట్ కూడా తప్పనిసరిగా తీసుకెళ్లాలి. దేశీయ విమానమే కదా అని కార్డు ఒక్కటే పట్టుకెళ్తే తనిఖీ దగ్గర ఆగిపోతారు.

ఈ తనిఖీ వల్ల ట్రోమ్సోలో రెండు గంటల ముందు చేరండి. ఓస్లో నుంచి వచ్చి ట్రోమ్సోలో ఆగి పోయే సర్వీసు ఎక్కినా అక్కడ దిగి, పాస్‌పోర్ట్ చూపించి, మళ్లీ ఎక్కాలి. సీట్లో కూర్చుని ఉండనివ్వరు. చెకిన్ చేసిన బ్యాగు ట్యాగు మీద చివరి మూడక్షరాల కోడ్ లాంగ్‌యియర్‌బ్యెన్‌ది, అంటే ఎల్.వై.ఆర్. అవునో కాదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. స్వాల్‌బార్డ్ నార్వే కస్టమ్స్ పరిధిలోకి కూడా రాదు. తిరుగు ప్రయాణంలో ట్రోమ్సోలో బ్యాగు మీరే తీసుకుని కస్టమ్స్ దాటించాలా, లేక అది నేరుగా పోతుందా అని కూడా అక్కడే అడగండి. కనెక్షన్ సమయం దాన్ని బట్టి మారుతుంది.

అర్ధరాత్రి దాటాక బయల్దేరే తిరుగు సర్వీసుల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. టికెట్ మీద 15వ తేదీ 02:30 అని ఉంటే మీరు విమానాశ్రయానికి వెళ్లాల్సింది 14 రాత్రి. అక్కడ ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు నాలుగో వారం దాకా సూర్యుడు అస్తమించడు, అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఉదయించడు. వెలుతురు చూసి ఏ పూటో పోల్చుకోవడం కుదరదు కాబట్టి ఫోన్లో అలారం పెట్టుకోవాల్సిందే.

దిగాక ఊరు 5 కి.మీ. దూరం. విమానం వచ్చినప్పుడల్లా బస్సు సిద్ధంగా ఉంటుంది, హోటళ్ల దగ్గర ఆపుతుంది. సామాను రావడంతో కలిపి గది చేరడానికి ముప్పావు గంట వేసుకోండి. విమానాశ్రయం పైనున్న కొండలోనే ప్రపంచ విత్తన భాండాగారం ఉంది, 2008లో తెరిచారు. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ నుంచి వెళ్లిన విత్తన నమూనాలూ అందులో ఉన్నాయి. లోపలికి రానివ్వరు, తలుపు బయటి నుంచి చూడొచ్చు.

ఉత్తరానికి వెళ్లేటప్పుడు కిటికీ సీటు కుడివైపు తీసుకోండి. ప్రయాణం సగం దాటాక బియోర్నోయా దీవి దారికి తూర్పుగా సుమారు 45 కి.మీ. దూరంలో వస్తుంది. మబ్బు లేకపోతే కనిపిస్తుంది, కానీ మబ్బు లేని రోజులు అక్కడ తక్కువ.

చివరగా, భారత పరిశోధన కేంద్రం హిమాద్రికి కూడా వెళ్లొచ్చా అని అడిగారు. 2008 నుంచి అది న్యూ-ఓలెసుండ్‌లో ఉంది, లాంగ్‌యియర్‌బ్యెన్ నుంచి వాయవ్యంగా 110 కి.మీ. డోర్నియర్ 228 చిన్న విమానంలో 25 నిమిషాలు. పైన చెప్పిన సూత్రం ఇక్కడా చూడొచ్చు: 110 కి.మీ.కి 25 నిమిషాలంటే సగటు వేగం గంటకి 264 మాత్రమే, ఎందుకంటే సమయంలో ఎక్కువ భాగం ఎక్కడానికీ దిగడానికే పోతుంది. ఆ విమానంలో సీట్లు ఊరిని నడిపే కింగ్స్ బే సంస్థ ద్వారా, పరిశోధన పని మీద వెళ్లేవారికి ఇస్తారు. మీరు పర్యాటకులుగా వెళ్తుంటే వేసవిలో పడవ యాత్రల్లో న్యూ-ఓలెసుండ్ దగ్గర ఆగేవి ఉంటాయి. ఫిబ్రవరిలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు.